నాయిన పేర బండి పన్ను

వనపర్తి,
14 జూలై 1941

మామకు జములమ్మ నమస్కరించి రాసేది.

ఇక్కడికి వచ్చి నెల దాటింది. ఆడపిల్లల బడిలో నాకు మొదటి తరగతి ఇచ్చారు. పేర్లు పిలిస్తే ముప్పై ఒక్కరు. చంకలో ఎత్తుకొచ్చే తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ కలిపితే యాభై. నిన్న ఒక పిల్ల పలక మీద అక్షరం దిద్దుతుంటే ఒళ్లోని తమ్ముడు వంగి నాలుకతో నాకేశాడు. ఆ పిల్ల కోపం చేసుకోలేదు. మళ్లీ దిద్దింది, వాడు మళ్లీ నాకాడు. అలా నాలుగుసార్లు. నాకు నవ్వు వచ్చింది, తర్వాత ఎందుకో ఏడుపు వచ్చింది. పెద్ద పంతులమ్మ గారు నన్ను వాళ్ల ఇంటి వెనక గదిలోనే ఉంచుకున్నారు. తిండికి ఇబ్బంది లేదు. అమ్మకు చెప్పు.

ఒక సంగతి అడగాలి. అమ్మ అప్పుడే ఆజూరు నెల బండి పన్ను కోసం కూలి పైసలు కొంగున ముడి వేస్తున్నదని పోయిన ఉత్తరంలో రాయించావు. సర్కారు ఏడాది మొదలయ్యేది అక్టోబరులో వచ్చే ఆజూరులో కాబట్టి పన్ను అప్పుడే కట్టాలి, అది నాకు తెలుసు. కానీ ఏ బండికి పన్ను? నాయిన మేస్త్రీ వెంట బొంబాయి దిక్కు రాళ్ల పనికి పోయి అయిదేళ్లు. పోయేముందే ఎడ్లు అమ్ముకున్నాడు. ఆయన దగ్గర నుంచి కార్డు వచ్చి మూడేళ్లు. బండి చక్రాలు ఊడదీసి గోడకు ఆనించి ఉన్నాయి. కదలని బండి కోసం అమ్మ ఏటా గద్వాల దాకా నడిచి పోతున్నది. కిందటేడు తిరిగి వచ్చి పది రోజులు కాలు కింద పెట్టలేకపోయిందని నువ్వే చెప్పావు.

తప్పకుండా ఏదో పొరపాటు ఉంది. మనకు చదువు లేదని ఎవరో వసూలు చేస్తున్నారేమో. నేను కనుక్కుంటాను. ఇంట్లో ఒక్కదాన్నయినా చదువుకున్నందుకు ఈ మాత్రం చేయకపోతే ఎందుకు?

నీ మేనకోడలు,
జములమ్మ

బాలయ్య గారూ, ఉత్తరాలు చదివి పెడుతున్నందుకు మీకు రుణపడి ఉన్నాను. ఈసారి నా అక్షరాలు పెద్దవిగా రాశాను.


అయిజ,
శ్రావణ మాసం, శుక్రవారం, 1941

మేనకోడలు జములమ్మకు నాగప్ప మామ చెప్పంగ కిరాణం గుమాస్తా బాలయ్య రాస్తున్నది.

ఇగో, నేను ఎట్లంటే గట్లనే రాయమన్న. పోయినసారి నేను ఎడ్లకు దగ్గు వచ్చిందంటె ఈయన “వృషభములు అస్వస్థతగా ఉన్నవి” అని రాసిండంట. చదివినోళ్లు ఎవరికో సుస్తీ చేసిందనుకుంటరు. ఈసారి సంస్కృతం కలిపితె దుకాణంల బెల్లం కొనను అని చెప్పిన.

వానలు జర మంచిగనే పడ్డయి. పల్లికాయ మొలిచింది. మీ అమ్మ కలుపుకు పోతుంది. నీకు యాభై మంది పిల్లలంటె నవ్వింది. “దాన్నొక్కదాన్ని సాకనీకె నాకు సాలు సాలయింది, యాభై మందిని ఎట్ల పట్టుకుంటదో” అన్నది.

బండి పన్ను సంగతి. ఎవరు మోసం జేస్తలేరు. పుస్తకంల పేరున్నది, పేరున్నంక పన్నున్నది. మీ అమ్మ కడతది. నువ్వు దాని జోలికి రాకు. ఉన్న మాట చెప్తున్న, దుకాణం ముంగట కూసొని చెప్పేటిది గింతే. ఇక్కడ నా సుట్టు నలుగురు కూసున్నరు, ఉత్తరం నీకు రాసినట్టు లేదు, ఊరంతటికి రాసినట్టున్నది. వాళ్లు గూడ మాటలు అందిస్తున్నరు. అవి రాయొద్దన్న.

కాళ్ల నొప్పులకు నువ్వు పంపిన నూనె ముట్టింది. మీ అమ్మ దాన్ని కాళ్లకు రాసుకోలే. బండి ఇరుసుకు రాసింది. నేను తిట్టిన. పిల్ల పంపింది మనిషికిగాని కట్టెకు గాదు అన్న. వినదు.

జర పెండ్లి సంగతి గూడ ఆలోచన చెయ్యి. ఇది నేనే అంటున్న, నలుగురు గాదు.

మామ నాగప్ప
(వేలిముద్ర)


వనపర్తి,
8 సెప్టెంబరు 1941

మామకు నమస్కారాలు.

ఇక్కడ వారం నుంచి ముసురు. బడి కప్పు ఒక మూల కారుతున్నది. పిల్లలను రెండో మూలకు జరిపి చెప్తున్నాను. పక్క గది పిల్లల ఎక్కాలు, మా పిల్లల అక్షరాలు కలిసిపోయి, మా వాళ్లు “రెండు రెళ్లు ఇ, రెండు మూళ్లు ఈ” అంటున్నారు.

మామా, నేను కనుక్కున్నాను. పెద్ద పంతులమ్మ గారి తమ్ముడు పని మీద గద్వాల వెళ్తే, కచ్చేరి గోడకు అంటించిన బండి పన్ను ఇష్తిహారు ప్రకటనకు నకలు రాసి తెమ్మన్నాను. ఎవరూ మోసం చేయడం లేదన్న నీ మాట నిజమే. కానీ మనకు తెలియని సంగతి ఒకటి ఉంది. పన్ను బండి తిరిగినందుకు కాదు. దానికి నెంబరు వేసి పుస్తకంలో ఎక్కించినందుకు. అది ఊళ్లు తిరిగినా, గోడకు ఆని ఉన్నా ఒకటే. ఏటా ఆజూరు నెలలో కట్టి బండికి కొట్టే కొత్త నెంబరు రేకు తీసుకోవాలి. కట్టకపోతే ఆ ఏడు పోదు, మరుసటేటికి తోడవుతుంది. అయితే బండి ఇక నడవదు అనుకున్నవాళ్లు ఆజూరు నెల దాటకముందే ఒక దరఖాస్తు ఇచ్చి, రేకు వాపసు చేస్తే, పేరు కొట్టేస్తారు. అంతటితో పన్ను ఆగిపోతుంది. ఇంత సులువు. అయిదేళ్లు అమ్మ కాళ్లు అరగదీసుకున్నది ఈ ఒక్క ముక్క చదివేవాళ్లు లేక.

రేకు పీకి గద్వాల పంపితే చాలు, దరఖాస్తు నేను రాస్తాను.

ఇంకో మాట అడగక తప్పదు. సంతకు వచ్చిన అయిజ మనిషి ఒకాయన మన బండిని చూశానన్నాడు. చక్రాలు నిగనిగలాడుతున్నాయట, ఇరుసుకు కొత్త కందెన ఉందట. అమ్మ రాసిందన్న నా నూనె సీసా దానికి చాలదు; నిలిచిపోయిన బండికి అంత కందెన ఎవరు పెడతారు? అందుకేనా దాని జోలికి రావద్దన్నావు? మామా, కోపం తెచ్చుకోకు. బండిని నువ్వు గానీ కిరాయికి తిప్పుతున్నావా? అలా అయితే పన్ను నువ్వు కట్టాలి, అమ్మ కాదు. తప్పనడం లేదు. నిజం తెలిస్తే చాలు.

జములమ్మ


అయిజ,
భాద్రపదం, ఆదివారం, 1941

జములమ్మకు నాగప్ప చెప్పి రాయించునది.

నీ ఉత్తరం బాలయ్య దుకాణం ముంగట చదివిండు. కిరాయికి తిప్పుతున్నవా అన్న కాడ ఆగిండు. చదువు అన్న. చదివిండు. నలుగురు నేల జూసిన్రు.

నీకు మూడేండ్లున్నప్పుడు నా మెడ మీద కూసొని జాతర జూసినవ్. నీ నాయిన పోయినంక నీ బడి ఫీజుకు నా గొర్లు అమ్మిన. చెప్పొద్దనుకున్న, నువ్వే చెప్పించినవ్. ఆ బండి చక్రం నేను ముట్టలే. ముట్టితె నా చెయ్యి ఇరుగనీ.

ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పిన. రేకు వాపసు ఇస్తె పేరు కొట్టేస్తరంట అన్న. మీ అమ్మ చేట కింద పెట్టింది. “పిల్ల చదువుకున్నది, దానికి అన్ని తెల్సు” అన్నది. మల్ల జరసేపటికి “పేరు కొట్టెయ్యొద్దని రాయి” అన్నది. ఎందుకో రాయాల్నా అంటె వద్దన్నది. “బాలయ్య ముంగట చెప్పేటిది గాదు, ఊరు నవ్వుతది” అన్నది.

నాకు ఎందుకో తెల్సు. ఒట్టు వేసిన గనక చెప్పను. దసరాకు రా. మీ అమ్మ పక్కన కూసో. అదే చెప్తది. అందాక ఏం జెయ్యకు.

నాగప్ప


వనపర్తి,
12 అక్టోబరు 1941

మామా,

నీ కాళ్లు పట్టుకొని అడుగుతున్నాను, ఆ మాట మరిచిపో. గొర్రెల సంగతి నాకు తెలియదు. తెలిస్తే అడిగేదాన్ని కాదని చెప్పలేను, కానీ అలా అడిగేదాన్ని కాదు.

దసరాకు రాలేకపోయాను. సెలవుల్లోనే తనిఖీకి పుస్తకాలన్నీ తిరగరాయాలన్నారు. చివరి రెండు రోజులు దొరికాయి. అయిజ వచ్చి పోవడానికి చాలవు, గద్వాలకు చాలుతాయి. అమ్మ ఈ ఏడు కూడా నడవకముందే పని ముగించాలని రైలెక్కాను. కొట్టెయ్యొద్దన్న మాట చదివాను. రేకు ఇస్తే బండి కూడా సర్కారుదవుతుందని అమ్మ భయపడుతున్నదని అనుకున్నాను. అలా కాదని కాగితంతోనే చూపిద్దామనుకున్నాను.

కచ్చేరిలో గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. ఆడమనిషి ఒంటరిగా వచ్చి చదవడం చూసి పక్క బల్ల వాళ్లు కూడా లేచి వచ్చారు. దరఖాస్తు కాగితంలో కారణం రాసేచోట మూడే ఉన్నాయి. బండి అమ్ముడుపోయింది, విరిగిపోయింది, యజమాని ఫౌత్. చనిపోయినవాళ్లకు సర్కారు కాగితాల్లో రాసే మాట అది. నేను నాయిన సంగతి చెప్పాను. అయిదేళ్ల కింద పోయాడు, మూడేళ్లుగా జాడ లేదు అన్నాను. గుమాస్తా చాలాసేపు కాగితం అటూ ఇటూ తిప్పి, “జాడ లేదన్నదానికి ఇందుల తావు లేదమ్మా. అమ్మితె కొన్నోడి పేరు గావాలె. ఇరిగితె బండిని తెచ్చి చూపాలె” అన్నాడు. మూడోదాని గురించి ఏమీ అనలేదు. నావైపు చూడకుండా కలం అందించాడు.

మామా, నిజం రాస్తాను. ఆ మాట రాయడానికి నా చెయ్యి ఎక్కువసేపు ఆగలేదు. సోమవారం పొద్దున్నే బండిలో పత్తి బస్తాల మీద కూర్చోబెట్టుకొని నన్ను గద్వాల బడికి తెచ్చిన మనిషి, బతికి ఉంటే మూడేళ్లు ఒక కార్డు వేయకుండా ఉంటాడా? నా మనసులో ఆయన ఎప్పుడో పోయాడు. ఎవరికీ చెప్పలేదు. రాసి, కింద సంతకం పెట్టాను. మన ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పడిన మొదటి కాగితం అది.

ఇది పుస్తకం కోసం మాత్రమే. అమ్మకు ఆ మాట తెలియనివ్వకు. పన్ను మాఫీ అయింది, ఇక నడవక్కరలేదు అని మాత్రం చెప్పు. జవాను వచ్చి రేకు తీసుకుపోతాడు. బాలయ్య గారూ, ఇది మామ ఒక్కడికే వినిపించండి.

జములమ్మ


అయిజ,
కార్తీక మాసం, బుధవారం, 1941

బిడ్డా జములమ్మా,

ఇది దుకాణంల చెప్తలేను. బాలయ్య ఇంట్ల, తలుపు దగ్గరికేసి చెప్తున్న. బాలయ్య రాయను అన్నడు. నేనే పట్టుబట్టిన.

నీ ఉత్తరం కంటె నాలుగు రోజులు ముందు జవాను వచ్చిండు. చావడి కాడ నిలబడి కాగితం పట్వారీ చేతికి ఇచ్చిండు. పట్వారీ అందరు వింటుండంగ చదివిండు. అయిజ మద్దిలేటి ఫౌత్, బిడ్డ జములమ్మ దస్తఖతు, నెంబరు కొట్టేసినం, రేకు జప్తు. నేను అంగట్ల ఉన్న. ఉరికొచ్చేసరికి మాట ఊరంత తిరిగింది. మీ అమ్మ చేన్ల పల్లికాయ తెంపుతుండె. ఆడోళ్లు ఏడుసుకుంట పోయిన్రు. అది లేసి నిలబడి ఒకటే అడిగింది. “కాగితం మీద ఎవరు రాసిన్రు” అన్నది. నీ బిడ్డ రాసింది అన్నరు. “నా బిడ్డ రాసిందా” అని మల్ల అడిగింది. అవునన్నరు. అప్పుడు కూలబడ్డది.

సర్కారు రాస్తె నమ్మకపోతుండె బిడ్డా. పట్వారీ రాస్తె నమ్మకపోతుండె. నువ్వు రాసినవ్. “దానికి ఖబర్ అందింది. బొంబాయి కెల్లి ఉత్తరం వచ్చుంటది. అమ్మకు చెప్పనీకె నోరు రాక కచ్చేరిల రాసింది” అన్నది. నేను గాదు గాదు అంటనే ఉన్న. గాదనీకె నా చేతుల ఏమున్నది. నీ ఉత్తరం ఇంకా తొవ్వల ఉన్నది.

పెద్దమనుషులు వచ్చిన్రు. పీనుగ లేదు గనక పిండితోని మనిషి బొమ్మ చేసిన్రు. దాన్ని మోసుకపోయి కాల్చినం. కొరివి నేనే పట్టిన. గాజులు పగలగొట్టిన్రు. బొట్టు తీసిన్రు. నాలుగో నాడు బాలయ్య నీ ఉత్తరం తెచ్చిండు. పుస్తకం కోసం మాత్రమే అని చదివిండు. నేను మన ఇంటి దిక్కు పోలేకపోయిన.

ఇగ నా ఒట్టు ఎందుకు. చెప్తున్న విను. ఆజూరు నెలల కచ్చేరి ముంగట బండ్లోళ్లందరు కూసుంటరు. గుమాస్తా పుస్తకం తెరిచి పేర్లు పిలుస్తడు. పిలిచినోడు లేసి ఉన్న అని పోయి రేకు తెచ్చుకోవాలె. అయిజ మద్దిలేటి అని పిలుస్తడు. మీ అమ్మ లేసి “ఉన్నడు” అంటది. గంతే. ఆ ఒక్క మాట పది మందిల గట్టిగ అననీకె ఏడాదంత కూలి జేసి నడిసి పోతుండె. ఇక్కడ ఊర్ల అంటె జాలిగ జూస్తరు. అక్కడ గుమాస్తా ఏమనడు, పుస్తకంల గీత గీసి రేకు ఇస్తడు. సర్కారు పుస్తకంలనే ఉన్నడు, యాడికి పోతడు అంటుండె నాతోని. కందెన గూడ అదే పెడుతుండె. వచ్చిన్నాడు ఎడ్లు కట్టంగనే బండి కదలాలె గద అని.

ఇది అంగట్ల చెప్పే మాటనా? నువ్వే చెప్పు.

నీ మీద నాకు కోపం లేదు. కోపం ఉంటెనే బాగుండు.

మామ


వనపర్తి,
30 నవంబరు 1941

మామా,

నేను వచ్చి రెండు రోజులు ఉండి పోయినప్పుడు నువ్వు ఊరి బయట దాకా వచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడ్డావు. అందుకే రాస్తున్నాను.

అమ్మకు నేను చెప్పాను. నాకు ఏ ఖబరూ రాలేదమ్మా, ఊరికే రాశాను అన్నాను. అమ్మ రొట్టె పెట్టి “తిను” అన్నది. మళ్లీ చెప్పాను. “ఎండ పడ్డది, చినిగిన రవికె ఉంటె ఇయ్యి, కుట్టి పెడత” అన్నది. గాజుల్లేని చేతులతో సూదిలో దారం ఎక్కిస్తుంటే చూడలేకపోయాను. తిట్టి ఉంటే బాగుండేది. నేను దాస్తున్నానని, దాచడం నా మంచితనమని అనుకుంటున్నది. నేను ఎంత గట్టిగా చెప్తే అంత గట్టిగా నమ్ముతున్నది.

తిరుగు దారిలో గద్వాలలో దిగాను. నేను రాసింది అబద్ధం, పేరు మళ్లీ ఎక్కించండి అని దరఖాస్తు రాసి ఇచ్చాను. అదే గుమాస్తా. చదివి తిరిగి నా చేతికే ఇచ్చాడు. ఫౌత్ అని కొట్టేసిన పేరు మళ్లీ ఎక్కాలంటే ఆ మనిషే వచ్చి ఎదుట నిలబడి వేలిముద్ర వేయాలట. లేదంటే వారసులెవరైనా బండిని తమ పేర కొత్తగా రాయించుకోవచ్చట. “నాకు బుద్ధి తెలిసిన కాడికెల్లి ఎవరు వచ్చి నేను బతికున్న అని చెప్పలే” అన్నాడు. హేళనగా కాదు.

బడిలో పిల్లలకు సంతకం నేర్పమన్నారు. నేర్పుతున్నాను. ఒక పిల్ల తన పేరు రాసి, “పంతులమ్మా, ఇది రాస్తె ఏమయితది?” అని అడిగింది. పలక తుడిచి, మళ్లీ రాయమని ఇచ్చాను.

నేను చెప్తే నమ్మని మాట నువ్వు చెప్తే నమ్ముతుందేమో. ఖబర్ రాలేదని నువ్వు చెప్పు.

జములమ్మ


అయిజ,
ఆషాఢం, మంగళవారం, 1942

బిడ్డా,

చానా నెలలకు రాయిస్తున్న. బాలయ్య కండ్లు మంచిగ లేకుండె, ఇప్పుడు అద్దాలు తెచ్చుకున్నడు. వాటితోని ఇంత గంభీరంగ కూసుంటడు, బెల్లం అడగనీకె భయమయితది.

నువ్వు చెప్పమన్నది చెప్పిన. ఉగాదికి ముంగట ఒకసారి, మొన్న ఒకసారి. మొదటిసారి వినలే. మొన్న మాత్రం నా దిక్కు సూటిగ జూసి, “నాగప్పా, గా మాట ఇంకోసారి అనకు. ఖబర్ రాలేదంటె, బతికున్నోనికి నేను నిప్పు పెట్టించినట్టయితది. బతికున్నోడు వస్తె, పిండం పెట్టిన ఇంటికి యే వాకిట్లకెల్లి వస్తడు?” అన్నది. అంటె దానికి తెల్సు బిడ్డా. ఎప్పటికెల్లి తెల్సో గాని తెల్సు. తెల్సి వద్దంటున్నది.

ఇంకోటి. బండి నడపమన్నది. ఎండకు ఎండి చెక్క పగులుతున్నది, ఇగ ఎవరి కోసం ఆపాలె అన్నది. నేను ఒక జత కోడెలు చూసిన. గద్వాల పోవాలంటె నెంబరు గావాలె. వారసులు రాయించుకోవచ్చని నువ్వు రాసినవ్ గద, మీ అమ్మ పేర రాయించుదము. ఈ ఆజూరుకు నువ్వు రా. కచ్చేరిల చదివేటోళ్లు ఉండాలె. మీ అమ్మే అన్నది, “పిల్లను రమ్మను” అని. పోయిన ఏడుకెల్లి నీ మాట దాని నోట్లకెల్లి రావడం ఇదే మొదలు.

మామ


వనపర్తి,
13 అక్టోబరు 1942

బాలయ్య గారూ, ఈ ఉత్తరం మామకు మీ ఇంట్లో వినిపించి, పొయ్యిలో వేయండి. ఇన్నేళ్లుగా మా ఇంటి మాటలన్నీ మీ గొంతులో నుంచే వెళ్లాయి. ఇది కూడా అందులో ఒకటి.

మామా,

గద్వాలలో మమ్మల్ని దించి నువ్వు కోడెలకు నీళ్లు పెట్టడానికి పోయావు. లోపల ఏం జరిగిందో అమ్మ నీకు చెప్పి ఉండదు.

గుమాస్తా కొత్త పేజీ తీసి అమ్మ పేరు అంజమ్మ అని రాశాడు. తర్వాత భర్త పేరు అడిగాడు. మద్దిలేటి అని నేను చెప్పాను. “ఉన్నడా, పోయిండా?” అన్నాడు. పుస్తకంలో అది కూడా రాయాలట. కిందటేడు కాగితం ఆయన ఎదుటే కట్టలో ఉంది, చూసి రాసుకోవచ్చు. అయినా అడిగాడు. అమ్మ చెప్తుందేమోనని నేను ఆగాను. అమ్మ కొంగు సర్దుకొని, “బిడ్డ చెప్తది, రాయండి” అన్నది.

నేను ఏడాదిగా ఖబర్ రాలేదు, ఖబర్ రాలేదు అని చెప్తూ వచ్చాను. ఇప్పుడు తెలియదు అంటే నిజం. ఆ నిజంతో అమ్మ ఇంటికి పోయి ఏం చేసుకుంటుంది? బతికున్నవాడికి నిప్పు పెట్టించినట్టవుతుందని అమ్మ అన్నట్టు నువ్వు రాయించిన మాట గుర్తు చేసుకున్నాను. “పోయారు” అన్నాను. కిందటేడు కాగితం మీద రాశాను, ఈసారి నోటితో చెప్పాను, అమ్మ వింటుండగా. రాసినప్పుడు ఇంత కష్టం కాలేదు. అమ్మ తల ఆడించింది. కొంగు విప్పి పన్ను కట్టింది. రేకు తీసుకొని, దాని మీది నెంబరు నాతో రెండుసార్లు చదివించుకున్నది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఆ రోజు గురువారం, రెండు రోజుల్లో పెత్రమాస, పెద్దల అమావాస్య. పెద్దల పేర బియ్యంతో పాటు ఇవ్వడానికి జనం కూరగాయలు కొంటున్నారు. నువ్వు ఇంకా రాలేదు. అమ్మ అన్నది, “పోయిన దినం తెల్వనోళ్లకు పెత్రమాస నాడు ఇస్తరు. దిక్కులేనోళ్లతోని కలిపి. నీ నాయిన దిక్కులేనోడు గాదు.” కొంచెం సేపటికి నా చెయ్యి తీసుకొని తన ఒళ్లో పెట్టుకున్నది. ఏడాదికి మొదటిసారి. “యే దినం పోయిండో నీకు తెల్సు గద బిడ్డా. చెప్పు. ఏటేటా చేసుకుంట” అన్నది.

అమ్మ నా మొహం వైపు చూడలేదు. కూరగాయల బండ్లను చూస్తున్నది. చూసి ఉంటే నేను చెప్పలేకపోయేదాన్ని. అది అమ్మకు తెలుసు.

చెప్పాను. తిథి చెప్పాక, జ్వరం వచ్చిందని, మూడు రోజులేనని, పక్కన మనవాళ్లు ఉన్నారని, నీళ్లు అడిగితే పోశారని కూడా చెప్పాను. అమ్మ “నీళ్లు పోసిన్రా” అని ఒక్కటే అడిగింది. పోశారన్నాను.

నిన్ను కూడా అడుగుతుంది మామా. ఇద్దరం ఒకటే చెప్పాలి. అందుకే రాస్తున్నాను, బాలయ్య గారితో రెండుసార్లు చదివించుకొని మనసులో పెట్టుకో. మాఘ బహుళ ఏకాదశి, పొద్దున, తెల్లవారిన తర్వాత.

జములమ్మ